చుక్క తర్వాతి మూడక్షరాలు: సేవ్ చేసిన బొమ్మ ఎందుకు తెరుచుకోదు?

ఒక పెద్దాయన సంవత్సరీకానికి ఫ్లెక్సీ వేయించాలని, పాత పెళ్లి ఆల్బమ్‌ను ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టి ఉంచితే అందులోంచి ఆయన ఫొటోను సేవ్ చేసి మా బంధువులు షాపుకు పంపారు. బ్రౌజర్‌లో నిండుగా కనిపించిన ఆ ఫొటో షాపు కంప్యూటర్‌లో తెల్ల కాగితం గుర్తుగా మారింది. నొక్కితే ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో చెప్పమని అడిగింది. ఫైలు పాడైందని షాపువాళ్లు అంటే, ఆయనది మిగిలిన ఒకే ఒక్క మంచి ఫొటో పోయిందని ఇంట్లో కంటతడి పెట్టుకున్నారు. నిజానికి ఫొటోకు ఏమీ కాలేదు. పేరు చివర చుక్క పెట్టి జేపీజీ అని చేర్చగానే తెరుచుకుంది. ఇలాంటి ఫైళ్లను పాడైపోయాయనుకుని చెరిపేసే వాళ్లు ఎందరో ఉంటారన్న బాధతోనే ఈ చిక్కు ఎక్కడ మొదలైందో ఇక్కడ వివరిస్తున్నాను.

ఫైలు ఏ రకానిదో దాని పేరులోనే చెప్పే పద్ధతి వెబ్ కంటే చాలా పాతది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి పెద్ద యంత్రాల్లో పేరుకు ఆరు అక్షరాలు, రకానికి మూడు అక్షరాలు కేటాయించేవారు. ఆ యంత్రాల మీద పనిచేసిన గ్యారీ కిల్డాల్ 1974లో సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించినప్పుడు పేరును ఎనిమిది అక్షరాలకు పెంచి, రకానికి మాత్రం మూడే ఉంచాడు. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ ఆ లెక్కనే తీసుకుంది. డిస్కు మీద ఒక్కో ఫైలు వివరానికి కేటాయించిన 32 బైట్లలో పేరుకు, రకానికి కలిపి 11 బైట్లు ఇచ్చారు. మనం టైపు చేసే చుక్క అసలు డిస్కులో ఉండేదే కాదు. పేరు వేరు, రకం వేరు అన్న విభజన ఆనాడు అంత స్పష్టంగా ఉండేది.

మిగతా వ్యవస్థలు ఈ దారిలో నడవలేదు. యూనిక్స్‌లో చుక్క కూడా పేరులో ఒక మామూలు అక్షరమే కాబట్టి, ఫైలు ఏ రకమో తెలియాలంటే లోపలి బైట్లను చూసి చెప్పే ‘ఫైల్’ అనే ఆదేశాన్ని 1973లోనే అందులో చేర్చారు. 1984 నాటి మ్యాకింటాష్ ఫైలు రకాన్ని నాలుగక్షరాల సంకేతంగా, పేరుతో సంబంధం లేకుండా, డిస్కులో విడిగా దాచేది. అయితే ప్రపంచంలో ఎక్కువ బల్లల మీదికి చేరింది డాస్, దాని వారసుడైన విండోస్ కావడం వల్ల పేరు చివర చుక్క తర్వాత వచ్చే రకం గుర్తు, అంటే ఎక్స్‌టెన్షన్ మీద ఆధారపడే అలవాటే స్థిరపడింది. విండోస్ 95 వచ్చాక తెలిసిన రకాల ఎక్స్‌టెన్షన్లను కంటికి కనబడకుండా దాచడం మొదలైంది. ఇది మంచి నిర్ణయం కాదని నా అభిప్రాయం. 2000 మే నెలలో ప్రేమలేఖ పేరుతో ఈమెయిళ్లలో వ్యాపించిన వైరస్ ఈ దాపరికాన్నే వాడుకుంది: చివరనున్న అసలు ఎక్స్‌టెన్షన్ కనబడకపోవడంతో చాలామంది దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలనుకుని తెరిచారు.

వెబ్ మాత్రం వేరే సంప్రదాయంలో పెరిగింది. ఈమెయిల్‌లో బొమ్మలు, ధ్వని పంపడం కోసం నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ 1992లో మైమ్ అనే ప్రమాణాన్ని రాశారు. పంపుతున్న వస్తువు ఏ రకానిదో దానికి ముందు వచ్చే ‘కంటెంట్-టైప్’ అనే హెడర్‌లో చెప్పడం అందులోని పద్ధతి. వెబ్ కూడా దాన్నే స్వీకరించింది. అందువల్ల వెబ్ చిరునామాలో ఎక్స్‌టెన్షన్ ఉండి తీరాలన్న నియమం ఏనాడూ లేదు. పైగా, రేపు ఫైలు రకం మారినా చిరునామా మారకుండా ఉండాలంటే దాన్ని వదిలేయడమే మేలని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లో సూచించాడు కూడా.

చిక్కంతా ఈ రెండు సంప్రదాయాలూ కలిసే చోటే ఉంది. బొమ్మను సేవ్ చేసినప్పుడు డిస్కులోకి బొమ్మ బైట్లు మాత్రమే వెళతాయి, హెడర్ వెళ్లదు. కాబట్టి ఆ క్షణంలోనే బ్రౌజర్ ఒక పేరు తయారుచేయాలి. బొమ్మను పంపిన అవతలి కంప్యూటర్, అంటే సర్వర్, ‘కంటెంట్-డిస్పొజిషన్’ హెడర్‌లో పేరు సూచిస్తే దాన్ని తీసుకుంటుంది. లేకపోతే చిరునామాలోని చివరి ముక్కను తీసుకుని, కంటెంట్-టైప్‌కు సరిపోయే ఎక్స్‌టెన్షన్‌ను తగిలిస్తుంది. సర్వర్ ఆ రకాన్ని చెప్పకపోయినా, ఏదో బైట్ల గుంపు అని మాత్రమే చెప్పినా తగిలించడానికి ఏమీ ఉండదు. మరి అలాంటి బొమ్మ పేజీలో ఎలా కనిపించింది? పేజీలో చూపేటప్పుడు బ్రౌజర్ హెడర్‌ను గుడ్డిగా నమ్మదు, మొదటి బైట్లను చూసి రకాన్ని పోల్చుకుంటుంది. కనిపించిన ఫొటో సేవ్ చేశాక తెరుచుకోకపోవడానికి తరచుగా ఇదే కారణం.

పేరు తయారీలో వింతలూ జరిగాయి. ట్విట్టర్‌లో కొన్నేళ్లపాటు పెద్ద ఫొటోల చిరునామా జేపీజీ తర్వాత కోలన్, ఆపైన ‘లార్జ్’ అన్న మాటతో ముగిసేది. విండోస్ ఫైలు పేర్లలో కోలన్‌కు చోటు లేదు కాబట్టి ఆ స్థానంలో ఒక గీత పడి, ‘జేపీజీ-లార్జ్’ అనే ఎవరికీ తెలియని ఎక్స్‌టెన్షన్ పుట్టేది. ఇంకా చాలామందిని కలవరపెట్టినది జేఎఫ్ఐఎఫ్. జేపీజీ ఫైళ్ల వెనకున్న జేపెగ్ ప్రమాణం బొమ్మను కుదించే విధానాన్ని నిర్దేశిస్తే, దాన్ని ఫైలుగా ఎలా అమర్చాలో చెప్పిన పత్రం 1992 నాటి జేఎఫ్ఐఎఫ్, కాబట్టి ఆ పేరు తప్పేమీ కాదు. విండోస్ తన అమరికలు రాసుకునే రిజిస్ట్రీ అనే పట్టికలో జేపెగ్ రకానికి ఎదురుగా ఈ ఎక్స్‌టెన్షన్ నమోదై ఉన్న కంప్యూటర్లలో, ఆ పట్టికను సంప్రదించే బ్రౌజర్ ఫొటోలను అదే పేరుతో సేవ్ చేస్తుంది. దరఖాస్తు ఫారాలు మాత్రం జేపీజీ కాదని తిప్పికొడతాయి. అక్కడ పేరు మారిస్తే చాలు.

2010లో గూగుల్ ప్రకటించిన వెబ్‌పీ అనే బొమ్మల రకం విషయం అలా కాదు. బ్రౌజర్ దాన్ని చదవగలదని తెలిస్తే, చిరునామా చివర జేపీజీ అని ఉన్నా సర్వర్ వెబ్‌పీ బొమ్మనే పంపవచ్చు. దానికి జేపీజీ అని పేరు పెడితే లోపలి బొమ్మ మారదు. ఏదైనా బొమ్మల ప్రోగ్రామ్‌లో తెరిచి, జేపెగ్‌గా మళ్లీ సేవ్ చేయాలి. అందుకే ఎక్స్‌టెన్షన్ లేని ఫైలు ఎదురైతే ఊహించకుండా లోపలికి చూడటం మంచిది. జేపెగ్ ఫైలు 255, 216, 255 అనే విలువలున్న మూడు బైట్లతో మొదలవుతుంది. పీఎన్‌జీలో 137 తర్వాత పీ, ఎన్, జీ అనే మూడక్షరాలే ఉంటాయి. జిఫ్ తన పేరుతోనే మొదలవుతుంది. వెబ్‌పీ పేరు తొమ్మిదో బైటు నుంచి కనబడుతుంది. ఈ గుర్తులు చదివి వందలాది ఫైళ్లకు ఒకేసారి సరైన ఎక్స్‌టెన్షన్ పెట్టే ఎక్సిఫ్‌టూల్ వంటి ఉచిత పనిముట్లు ఉన్నాయి. ఒకటి రెండు ఫైళ్లే అయితే, విండోస్ 11 ఫోల్డర్‌లో వ్యూ, ఆపై షో అనే చోట ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదాన్ని ఎంచుకుని, పేరును చేత్తోనే సరిదిద్దవచ్చు.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టేవారికి ఇంకొక జాగ్రత్త అవసరం. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో మన అక్షరానికి, దాని మీది గుణింతపు గుర్తుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి కనుక ‘తెలుగు’ అన్న చిన్న మాటే 18 బైట్లవుతుంది. లైనక్స్‌లో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్లే పరిమితి; అంటే ఆ మాటను 14 సార్లు రాసేసరికి చోటు దాదాపు అయిపోతుంది. వార్తా శీర్షికంత పొడవైన పేరు వచ్చినప్పుడు, జాగ్రత్త లేకుండా రాసిన ప్రోగ్రామ్ దాన్ని చివరి నుంచి కత్తిరిస్తుంది, అలా కత్తిరించినప్పుడు ముందుగా పోయేది ఎక్స్‌టెన్షనే.