చిప్పలోపలి కాపలా

ఆల్చిప్పను చూస్తే ఇంతకంటే భద్రమైన బతుకు ఇంకే ప్రాణికీ ఉండదనిపిస్తుంది. రాయిలాంటి రెండు చిప్పలు, వాటిని బిగించి పట్టే కండరం. పీత డెక్కలకూ చేప పళ్లకూ ఆ ఏర్పాటు చాలు. బ్యాక్టీరియాకు మాత్రం అది అడ్డే కాదు. ఆల్చిప్పకు ఆకలేస్తే తలుపు తెరవక తప్పదు మరి. మొప్పల మీది సన్నటి నూగు అదే పనిగా ఆడుతూ నీటిని లోపలికి లాగుతుంది, అందులోని నాచు కణాలను వడగడుతుంది. పరిస్థితులు కలిసొస్తే ఎదిగిన ఆల్చిప్ప ఒక్కటే రోజుకు 190 లీటర్ల దాకా నీటిని వడగట్టగలదు. సముద్రపు నీటిలో మిల్లీలీటరుకు సుమారు 10 లక్షల బ్యాక్టీరియా ఉంటాయి. అంటే రోజుకు దాదాపు 19 వేల కోట్ల సూక్ష్మజీవులు దాని మొప్పల మీదుగా సాగిపోతాయన్నమాట. చాలావరకు అమాయకమైనవే, వచ్చిన దారినే పోతాయి. మిగిలినవాటితోనే తంటా.

పైగా దానికి యాంటీబాడీలు లేవు. ఒకసారి సోకిన జబ్బును ఏళ్ల తరబడి గుర్తుంచుకునే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు మనకున్నట్టు దానికి లేవు. వినగానే నాసిరకం ఏర్పాటు అనిపిస్తుంది గానీ, కోట్ల ఏళ్లుగా ఆ నీళ్లలోనే బతికి బట్టకట్టిన ప్రాణి గురించి ఆ మాట అనడానికి నాకైతే నోరు రాదు.

ఇక్కడో చిన్న మాట. ఆల్చిప్పల్నీ రొయ్యల్నీ పీతల్నీ కలిపి షెల్‌ఫిష్ అనడం బజారు అలవాటే తప్ప శాస్త్రం కాదు. ఆల్చిప్ప చుట్టరికం నత్తలతో, ఆక్టోపస్‌లతో. రొయ్య కీటకాల వైపు బంధువు. ఈ రెండు వంశాలు విడిపోయి 50 కోట్ల ఏళ్లు దాటింది. అయినా రెండింటి ఒంట్లోనూ కాపలా కాసేవి ఒకే తరహా కణాలు: హీమోసైట్లు.

మన రక్తంలా వీటి రక్తం గొట్టాల్లోనే తిరగదు. హీమోలింఫ్ అనే ఆ ద్రవం ధమనుల చివర నుంచి నేరుగా కణజాలంలోకి ఒలికి, అవయవాలను తడుపుతూ మళ్లీ గుండెకు చేరుతుంది. అందులో తేలే హీమోసైట్లు పరాయి కణం తగిలితే చుట్టుముట్టి మింగేస్తాయి. కణాలు ఇలా మింగి రక్షిస్తాయని మొదట గట్టిగా చెప్పింది ఇల్యా మెచ్నికోవ్ అనే జీవశాస్త్రవేత్త. 1882లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల ఒంట్లో ఆయన ముల్లు గుచ్చాడు. మర్నాడు పొద్దున చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో ఆయనకొచ్చిన నోబెల్ బహుమతికి మూలం వెన్నెముక లేని ప్రాణులే!

శత్రువును ముందే చూసి ఉండకపోతే గుర్తుపట్టేదెలా? బ్యాక్టీరియా ఏదైనా దాని గోడకు కొన్ని పదార్థాలు తప్పనిసరి. ఆ గోడ మీది చక్కెరలనూ కొవ్వులనూ పట్టే ప్రోటీన్లను ఆల్చిప్ప పుట్టుకతోనే సిద్ధంగా ఉంచుకుంటుంది. పసిఫిక్ ఆల్చిప్ప జన్యుపటం 2012లో వెలువడ్డాక ఈ నిల్వ ఎంత పెద్దదో తేలింది. సూక్ష్మజీవుల రాకను పసిగట్టే టోల్ తరహా గ్రాహకాలు మనకు 10, దానికి 83. సీ1క్యూ అనే కుటుంబానికి చెందిన ప్రోటీన్ల జన్యువులైతే 321. నేర్చుకునే విద్య తక్కువైనచోట పుట్టుకతో వచ్చిన ఆస్తి ఎక్కువ.

మింగిన తర్వాత కథ కణం లోపల నడుస్తుంది. ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు, గోడల్ని కరిగించే లైసోజైమ్, మోతాదు మించిన రాగి, అన్నీ కలిసి బ్యాక్టీరియా మీద పడతాయి. కొన్ని హీమోసైట్లు తమ డీఎన్ఏనే బయటికి వలలా విసిరి శత్రువును చిక్కించుకుంటాయి. బిగ్ డిఫెన్సిన్ అనే ప్రోటీన్ కూడా అంతే, బ్యాక్టీరియా చుట్టూ అతి సన్నని వలలా అల్లుకుంటుంది. నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచేది ఇంకొకటి. అరగని సరుకు మింగిన హీమోసైట్లు కొన్ని ఒంటి పొరల్ని దాటుకుని శరీరం బయటికే నడిచి పోతాయి. చెత్తతో పాటు చెత్త మోసేవాడూ ఇల్లు విడిచి పోవడమే.

రొయ్యల పద్ధతిలో నలుపు రంగు ఎక్కువ. పెంకు చిట్లినా, బ్యాక్టీరియా జాడ తగిలినా, ఒక ఎంజైమ్ మరొకదాన్ని లేపుతూ పోయి చివరికి ఫీనోలాక్సిడేస్ మేల్కొంటుంది. అది తయారు చేసే మెలనిన్ గాయాన్ని నల్లగా పూడ్చేస్తుంది, దారిలో పుట్టే విష రసాయనాలు సూక్ష్మజీవుల్ని చంపుతాయి. సొంత ఒంటినీ కాల్చగల మంట కాబట్టి దానికి కళ్లెం వేసే ప్రోటీన్లూ ఉన్నాయి. చచ్చిన రొయ్య తల నల్లబడడం వెనకా ఇదే ఎంజైమ్ ఉంది. ప్రాణం పోయాక కళ్లెం పట్టేవాడు ఉండడు.

పేరులో పీత ఉన్నా పీత కాని గుర్రపునాడా పీత నీలి రక్తం, బ్యాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్ అనే విష పదార్థం ఇసుమంత తగిలినా గడ్డ కడుతుంది. ఆ గుణాన్నే ఇంజెక్షన్ మందుల శుభ్రతను పరీక్షించడానికి వాడుకుంటున్నాం.

ఇంత కాపలా ఉన్నా విబ్రియో జాతి బ్యాక్టీరియా గెలిచే రోజులున్నాయి. వాటి ఎత్తులు గమ్మత్తైనవి. విబ్రియో టాస్మానియెన్సిస్‌లోని ఒక రకం హీమోసైట్‌కు దొరక్కుండా పారిపోదు, కావాలనే దొరుకుతుంది. ఆల్చిప్ప రక్తంలోని ఒక ప్రోటీన్‌ను తన ఒంటికి తగిలించుకుని, అదే అనుమతి చీటీ అన్నట్టు కణంలోకి జొరబడుతుంది. లోపల పోసే రాగిని బయటికి తోడేస్తూ బతికి, చివరికి ఆ కణాన్నే చంపుతుంది.

రొయ్యల చెరువుల్ని ఖాళీ చేసిన ఇ.ఎం.ఎస్. (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) జబ్బు దారి వేరు. 2009లో చైనాలో బయటపడ్డ ఈ జబ్బుకు కారణం విబ్రియో పారాహీమోలిటికస్ అని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. ఈ బ్యాక్టీరియాకు రక్తంలో దిగాల్సిన పనే లేదు. రొయ్య పొట్టలో తిష్ట వేసి రెండు ప్రోటీన్లు కలిసిన విషాన్ని వదులుతుంది. హెపటోపాంక్రియాస్ అనే జీర్ణ గ్రంథి గొట్టాల లోపలి కణాలు ఊడిపోతాయి. సైన్యం అంతా రక్తంలో ఉంది, దెబ్బ మాత్రం ఆ గ్రంథి మీద పడింది.

ఆల్చిప్ప పిల్లల సామూహిక చావుల్లో మరో సంగతి తెలిసింది. ముందు ఒక హెర్పిస్ వైరస్ హీమోసైట్లను పట్టి కుంగదీస్తుంది. కాపలా సడలగానే అప్పటిదాకా అణిగి ఉన్న బ్యాక్టీరియా విజృంభించి ప్రాణం తీస్తాయి. ఒకే నీళ్లు, అవే బ్యాక్టీరియా. నిన్నటిదాకా సహవాసులు, ఇవాళ హంతకులు.

గెలిచిన గుల్లలూ ఉన్నాయి, వాటి గెలుపును కంటితో చూడొచ్చు. 1987లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో, సాగు చేస్తున్న మనీలా గుల్లల (ఇవీ ఆల్చిప్పల్లా రెండు చిప్పల ప్రాణులే) చిప్పల లోపల గోధుమ రంగు వలయం కనిపించింది. విబ్రియో టాపెటిస్ అనే బ్యాక్టీరియా, చిప్ప పెరిగే అంచు దగ్గర చేరి ఆ పెరుగుదలను చెడగొడుతుంది. జవాబుగా గుల్ల గోధుమ రంగు సేంద్రియ పదార్థాన్ని పొరలుగా పరుస్తుంది. తట్టుకోగలిగితే ఆ పొర మీద మళ్లీ తెల్లటి సున్నపు పూత పూసి, చిక్కిన బ్యాక్టీరియాను గోడలో సమాధి చేసేస్తుంది. గోధుమ రంగు ఎంత మేర పాకిందో, తెలుపు ఎంతవరకు కప్పిందో చూసి ఆ గుల్ల జబ్బు ఏ దశలో ఉందో, కోలుకోవడం ఎంతవరకు వచ్చిందో పరిశోధకులు చెబుతారు.