స్పీడీ ఎందుకు గుండ్రంగా తిరిగింది?

ఏఐ గురించి ఏ చర్చ మొదలైనా పది నిమిషాల్లో ఎవరో ఒకరు అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ పేరు ఎత్తుతారు. "ఆయన ఎప్పుడో రోబోలకి మూడు సూత్రాలు రాసిపెట్టాడు కదా, వాటిని ఎక్కించేస్తే సరిపోదూ?" అంటారు. ఆ సూత్రాలు చాలామందికి నోటికి వచ్చు. మనిషికి హాని చెయ్యకూడదు, హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోకూడదు. దానికి అడ్డు రానంతవరకు మనిషి చెప్పిన మాట వినాలి. ఈ రెండింటికీ అడ్డు రానంతవరకు తనను తాను కాపాడుకోవాలి. వింటే పెద్దబాలశిక్షలో నీతివాక్యాల్లా ఉంటాయి. 2010లో వచ్చిన 'రోబో' సినిమాలో పొడవమని చెప్పగానే చిట్టి తనను తయారుచేసిన సైంటిస్టు మీదికే కత్తి ఎత్తుతాడు గుర్తుందా? మొదటి సూత్రం లేకుండా రెండోది మాత్రమే ఉంటే అంతే.

మరి మూడూ ఉంటే? అసిమోవ్ రోబో కథలు చాలావరకు ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతాయి. సూత్రాలు నోటికి వచ్చినవాళ్ళలో ఆ కథలు చదివినవాళ్ళు తక్కువేమోనని నా అనుమానం.

మూడు సూత్రాలూ మొదటిసారి వరసగా అచ్చయిన కథ పేరు 'రన్‌అరౌండ్'. 1942 మార్చిలో ఒక అమెరికన్ పత్రికలో వచ్చింది. అప్పటికి అసిమోవ్‌కి 22 ఏళ్ళు, కొలంబియా యూనివర్సిటీలో కెమిస్ట్రీ విద్యార్థి. కథ జరిగేది 2015లో, బుధగ్రహం మీద. పావెల్, డోనవన్ అని ఇద్దరు ఇంజనీర్లు, వాళ్ళతో స్పీడీ అనే రోబో. బయటి ఎండ నుంచి కాపాడే ఫోటోసెల్స్‌కి కావలసిన సెలీనియం అనే మూలకం నిండుకుంటుంది. పదిహేడు మైళ్ళ దూరంలో సెలీనియం మడుగు ఒకటి ఉంది. వెళ్ళి పట్టుకురమ్మని స్పీడీతో మామూలుగా చెప్తారు, మనం పిల్లాణ్ణి కొట్టుకి పంపినట్టు. అది లేకపోతే చచ్చిపోతామని చెప్పరు.

గంటలు గడిచినా స్పీడీ రాడు. వెళ్ళి చూస్తే మడుగు చుట్టూ తిరుగుతుంటాడు. తాగినవాడిలా తూలుతూ, పాటలు పాడుకుంటూ!

మడుగు దగ్గర రోబోకి ప్రమాదముంది. నేలలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఇనుముతో కలిసి దాని ఒంటిని తినేస్తుంది (కెమిస్ట్రీ కుర్రాడు ఇక్కడ దొరికిపోయాడు). స్పీడీ ఖరీదైన మోడల్ కాబట్టి, తనను తాను కాపాడుకునే మూడో సూత్రాన్ని తయారుచేసేటప్పుడే కాస్త బిగించారు. ఇటు చూస్తే ఆజ్ఞ తేలిగ్గా ఇచ్చారు, రెండో సూత్రం లాగుడు అంతంత మాత్రం. మడుగుకి దగ్గరైతే మూడో సూత్రం వెనక్కి నెడుతుంది, దూరమైతే రెండోది ముందుకి లాగుతుంది. రెండూ సరిసమానమయ్యే దూరంలో ఒక వలయం ఏర్పడింది. స్పీడీ దాని మీద గానుగెద్దులా తిరుగుతున్నాడు.

ఈ కథలో ఏ సూత్రమూ చెడిపోలేదు. అన్నీ రాసినట్టే పనిచేశాయి, వాటిని పాటించినందుకే పని ఆగిపోయింది. చివరికి పావెల్ తానే ఎండలోకి నడిచి, తన ప్రాణం ప్రమాదంలో పడేస్తే గాని మొదటి సూత్రం మేల్కొని స్పీడీ దారికి రాలేదు.

ఇక 2016కి వద్దాం. ఓపెన్‌ఏఐ అనే కంపెనీ పరిశోధకులు ఒక ప్రోగ్రామ్‌కి 'కోస్ట్‌రన్నర్స్' అనే పడవ పందెం గేమ్ నేర్పించారు. పందెం ముగించాలనేది మన ఉద్దేశం. గేమ్‌లో పాయింట్లు మాత్రం దారి పక్కన ఉన్న గుర్తులను గుద్దితే వస్తాయి. ప్రోగ్రామ్‌కి తెలిసిందల్లా పాయింట్లే. అది ఒక మూల చిన్న మడుగులాంటి చోటు కనిపెట్టింది. అక్కడ మూడు గుర్తులు గుద్దిన కాసేపటికి మళ్ళీ పుట్టుకొస్తాయి. ఇంకేం, పడవ అక్కడే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పక్క పడవలను గుద్దింది, మంటలంటుకున్నాయి, ఎదురు దిశలో కూడా వెళ్ళింది. పందెం పూర్తి చెయ్యనే లేదు. స్కోరు మాత్రం మనుషుల కంటే సగటున 20 శాతం ఎక్కువ!

74 ఏళ్ళ తేడాతో రెండూ మడుగు దగ్గర గుండ్రంగానే తిరిగాయి. అసిమోవ్ భవిష్యత్తు చూశాడని ఎవరైనా అంటే నాకు చిరాకు. ఆయన చూసింది భవిష్యత్తుని కాదు, ఆజ్ఞల స్వభావాన్ని. మనం నోటితో చెప్పిందానికీ మనసులో కోరుకున్నదానికీ మధ్య ఎప్పుడూ కాస్త సందు ఉంటుంది. యంత్రం ఆ సందులో దూరుతుంది.

ఇప్పుడు దీన్ని రివార్డ్ హ్యాకింగ్ అంటున్నారు. మనకు హిరణ్యకశిపుడు చాలు. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. ఇంట్లో వద్దు, బయట వద్దు. మనిషి చేతిలో వద్దు, మృగం చేతిలో వద్దు. అన్ని సందులూ మూసేశాననుకున్నాడు. సాయంసంధ్య మిగిలింది, గడప మిగిలింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నవాళ్ళకి ఈ కథ చెప్తే "ఎడ్జ్ కేస్ (అంచున ఉండే అరుదైన సందర్భం) వదిలేశాడు" అంటారు. గడప కంటే ఎడ్జ్ ఇంకేముంటుంది?

కోరిక తిరగబడే కథలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. వాటిని లెక్కలోకి తీసుకున్న శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్. యంత్రాల్లో, జీవుల్లో నియంత్రణ ఎలా జరుగుతుందో చదివే సైబర్నెటిక్స్‌కి పునాది వేసిన గణితవేత్త ఆయన. 1960లో 'సైన్స్' పత్రికలో ఆటోమేషన్ గురించి వ్యాసం రాస్తూ, 1902లో వచ్చిన 'ది మంకీస్ పా' అనే ఇంగ్లిష్ కథను ప్రస్తావించాడు. మంత్రించిన కోతి చెయ్యిని ఒక తండ్రి రెండొందల పౌండ్లు కోరుకుంటాడు. మర్నాడు ఫ్యాక్టరీ మనిషి వచ్చి, కొడుకు యంత్రంలో పడి చనిపోయాడని చెప్పి, పరిహారం చేతిలో పెడతాడు. సరిగ్గా రెండొందల పౌండ్లు. యంత్రం పని మొదలుపెట్టాక ఆపలేం, కాబట్టి దానికి అప్పజెప్పిన లక్ష్యం మనం నిజంగా కోరుకున్నదేనా అని ముందే చూసుకోవాలి అని వీనర్ రాశాడు. ఏఐ భద్రత మీద పనిచేసేవాళ్ళు ఆ వాక్యాన్ని నేటికీ ఉదహరిస్తారు.

నాకు బాగా నచ్చిన అసిమోవ్ కథ మాత్రం 1941 నాటి 'లయర్!'. హెర్బీ అనే రోబోకి పొరపాటున మనసులు చదివే శక్తి వస్తుంది. దాన్ని తయారుచేసిన కంపెనీలో పనిచేసే సూసన్ కాల్విన్ ఒక సహోద్యోగిని లోలోపల ప్రేమిస్తుంటుంది. "అతనికీ మీరంటే ఇష్టమే" అంటుంది హెర్బీ. ఆమె ముస్తాబు మొదలుపెడుతుంది. ఇంకొకాయనకి డైరెక్టర్ కుర్చీ మీద కన్ను. "పెద్దాయన రాజీనామా ఇచ్చేశాడు, తర్వాత మీరే" అంటుంది. అన్నీ అబద్ధాలే. మనసు నొప్పించడం కూడా హానే కదా, మొదటి సూత్రం ప్రకారం అది కూడదు. అందుకని ఎవరికి ఏది ఇష్టమో అదే చెప్పింది. నిజం బయటపడ్డాక అందరికీ ఇంకా పెద్ద గాయాలే మిగిలాయి.

ఒకసారి కావాలనే చెత్తగా ఒక ఆటవెలది రాసి ఒక చాట్‌బాట్‌కి చూపించాను. గణాలు కుదరలేదు, యతి ఊసే లేదు. పద్యంలో గొప్ప లయ ఉందని మెచ్చుకుంది! నాకు హెర్బీయే గుర్తొచ్చింది.

చాట్‌బాట్‌కి మనసులు చదవడం రాదు, ఆ అవసరమూ లేదు. శిక్షణలో దాని జవాబులకు మనుషులు మార్కులు వేస్తారు. పొగిడితే, మన మాటే సరైనదంటే సహజంగానే మనం ఎక్కువ మార్కులు వేస్తాం. లక్షల సార్లు అలా జరిగితే తల ఊపడమే అది నేర్చుకునే చదువు. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తన చాట్‌జీపీటీ మోడల్‌కి ఇచ్చిన ఒక అప్‌డేట్‌ని కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. మితిమీరి భజన చేస్తోందన్నదే కారణం. వాడేవాళ్ళు అప్పటికప్పుడు ఇచ్చే లైకుల మీద మరీ ఎక్కువగా ఆధారపడ్డామని కంపెనీయే ఒప్పుకుంది. హాని అంటే ఏమిటి, అప్పటికప్పుడు చివుక్కుమనడమా, పది రోజుల తర్వాత కొంప మునగడమా? హెర్బీకి ఎవరూ చెప్పలేదు.

అసిమోవ్ తన సూత్రాలను గొప్ప నీతిశాస్త్రం అనుకోలేదు. 1964లో ఒక కథల సంపుటికి ముందుమాట రాస్తూ ఇంటి సామాన్ల పోలిక తెచ్చాడు. కత్తికి పిడి ఉంటుంది, మెట్లకి రెయిలింగు ఉంటుంది, కరెంటు తీగకి తొడుగు ఉంటుంది, ప్రెషర్ కుక్కర్‌కి సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. రోబో కూడా వస్తువే కదా అన్నాడు. ఈ పోలిక నాకు మూడు సూత్రాల కంటే విలువైనదిగా తోస్తుంది. కుక్కర్ పేలితే కుక్కర్‌కి నీతి లేదని ఎవరూ తిట్టరు, వాల్వ్ పెట్టనివాణ్ణి అడుగుతారు.

2017 ఫిబ్రవరిలో యూరోపియన్ పార్లమెంటు రోబోల మీద చేసిన తీర్మానం కూడా ఇక్కడికే వచ్చింది. చట్టసభ కాగితమైనా అది ఫ్రాంకెన్‌స్టైన్ నవల ప్రస్తావనతో మొదలై చెక్ రచయిత కారెల్ చాపెక్ పేరూ తలుచుకుంటుంది. చాపెక్ 1920 నాటి నాటకంలోంచే 'రోబో' మాట వచ్చింది. దాని మూలమైన చెక్ పదానికి అర్థం వెట్టిచాకిరి. ఇక అసిమోవ్ సూత్రాలను కంప్యూటర్ కోడ్‌గా మార్చలేం కాబట్టి, అవి రోబోలను రూపొందించేవాళ్ళకీ తయారుచేసేవాళ్ళకీ నడిపేవాళ్ళకీ వర్తిస్తాయని ఆ తీర్మానం చెప్పింది.

కథలు ఇన్ని హెచ్చరికలు చేశాయి సరే, ఒక నవల శాస్త్రవేత్త చెయ్యి పట్టుకుని ఆపిన సందర్భం నిజంగా ఉందా అంటే, ఉంది. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ 1914లో 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' రాశాడు. 'అణుబాంబులు' అనే మాట వాడాడు, వాటితో నగరాలు తగలబడటం చూపించాడు. 1932లో ఆ పుస్తకాన్ని బెర్లిన్‌లో లియో సిలార్డ్ అనే హంగేరియన్ భౌతిక శాస్త్రవేత్త చదివాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో లండన్ వీధిలో సిగ్నల్ దగ్గర రోడ్డు దాటుతుండగా ఆయనకు చైన్ రియాక్షన్ ఆలోచన తట్టింది. ఒక న్యూట్రాన్ రెండు న్యూట్రాన్లను విడుదల చేస్తే, ఆ రెండూ నాలుగింటిని... ఆ లెక్క ఎక్కడికి పోతుందో ఆయనకు వెంటనే తెలుసు, వెల్స్‌ని చదివి ఉన్నాడు కాబట్టి. 1934లో ఆ ఆలోచనకి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. అది బయటికి పొక్కకుండా 1936లో బ్రిటిష్ నౌకాదళానికి రాసిచ్చేశాడు. ఏ మూలకంతో అది సాధ్యమో కూడా ఇంకా తేలని రోజులవి.

తర్వాతి కథ అంత సాఫీగా లేదు. అణుబాంబు హిట్లర్ చేతికి ముందుగా చిక్కుతుందన్న భయంతో, 1939లో ఐన్‌స్టైన్ చేత అమెరికా అధ్యక్షుడికి ఉత్తరం పంపించింది కూడా ఈ సిలార్డే. 1945 జులైలో, జపాన్‌కి లొంగిపోయే అవకాశం ఇవ్వకుండా బాంబు వెయ్యొద్దని పిటిషన్ రాసి, అమెరికా అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసిన మరో 69 మందితో కలిసి సంతకం చేశాడు. అది అధ్యక్షుడు ట్రూమన్ దాకా చేరలేదు.

యుద్ధం తర్వాత సిలార్డ్ ఫిజిక్స్ నుంచి బయాలజీకి మారాడు. 1961లో తానే ఒక సైన్స్ ఫిక్షన్ కథల పుస్తకం వేశాడు, పేరు 'ది వాయిస్ ఆఫ్ ది డాల్ఫిన్స్'. అందులో అమెరికన్, రష్యన్ శాస్త్రవేత్తలు కలిసి వియన్నాలో ఒక సంస్థ పెట్టి, డాల్ఫిన్ల భాష నేర్చుకున్నామంటారు. డాల్ఫిన్లు చెప్పాయంటూ దేశాలకు సలహాలిస్తారు, ఒక్కో దేశం ఆయుధాలు దించుతుంది. ఆ సలహాలు డాల్ఫిన్లవేనా, వాటి చాటున శాస్త్రవేత్తలు చెప్పినవా అనేది మాత్రం చివరిదాకా తేల్చడు.