ముందు సీటే మంచి సీటా? బస్సు సీట్ల గురించి అపోహలు - వాస్తవాలు

18 ఏళ్ళు కండక్టర్‌గా తిరిగి ఇప్పుడు రిజర్వేషన్ కౌంటర్‌లో కూర్చుంటున్నాను. రోజూ వినే మాట ఒకటే, "ముందు సీటు ఇవ్వండి మేడం". అయిపోయాయంటే మొహం చిన్నబోతుంది. నిజానికి వాళ్ళలో చాలామందికి కావలసింది కుదుపు లేని సీటు. అది ముందే ఉంటుందనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది.

అపోహ: ఎంత ముందు కూర్చుంటే అంత సుఖం.

వాస్తవం: కుదుపు పుట్టేది చక్రాల దగ్గర. చాలా బస్సుల్లో మొదటి వరుస ముందు చక్రాల మీదే ఉంటుంది. గుంటలో చక్రం పడితే ఆ దెబ్బ ముందు తగిలేది అక్కడే. పైగా ఇంజను డ్రైవర్ పక్కనే ఉండే పల్లెవెలుగుల్లో వేడి, మోత కూడా ఆ సీట్లకే ఎక్కువ.

అపోహ: అయితే సీట్లు లెక్కపెట్టి సరిగ్గా మధ్యలోది తీసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: సీట్ల మధ్య వేరు, చక్రాల మధ్య వేరు. వెనక చక్రాలు బస్సు చివర ఉండవు. వాటి వెనక బాడీ ఇంకా చాలా దూరం సాగి ఉంటుంది. ముందు, వెనక చక్రాల మధ్య ఎంత దూరం ఉందో అందులో 60 శాతం దాకా అలా వెనక్కి ఉండవచ్చని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. అందుకే కుదుపు తక్కువ ఉండే చోటు మనం అనుకునేదానికంటే కాస్త ముందుకు జరుగుతుంది. వరుసకు నాలుగు చొప్పున 36 సీట్లున్న బస్సు తీసుకుంటే 3, 4, 5 వరుసలు మేలు. నంబర్లలో చెప్పాలంటే సుమారు 9 నుంచి 20 వరకు. బాడీని బట్టి ఒక వరుస అటూ ఇటూ కావచ్చు. ఏడో వరుస దగ్గరికి వచ్చేసరికి వెనక చక్రం మీదకు వచ్చేస్తాం.

చక్రం దాటి వెనక్కి వెళ్తే ఇంకా కష్టం. బావిలోంచి నీళ్ళు తోడే ఏతం చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దాని దూలం ఆనిన చోట కదలిక కొంచెమే, చివర మాత్రం బాగా లేస్తుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు చివరి వరుస అలాగే లేచి పడుతుంది. నిలబడి టికెట్లు కొట్టిన ఇన్నేళ్ళలో ఈ తేడా నా కాళ్ళకు బాగా తెలిసింది. కడుపుతో ఉన్నవాళ్ళు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు వెనక సీటు అసలు తీసుకోకండి. వేరే సీటు దొరకకపోతే తర్వాతి బస్సుకు వెళ్ళండి. ఆ రెండు గంటల ఆలస్యం మీ నడుము కంటే ఎక్కువ కాదు. మీ ఇబ్బంది ఏమిటో కౌంటర్‌లో మొహమాటం లేకుండా చెప్పండి, ఉన్నవాటిలో అనువైన సీటు చూసి ఇస్తాం.

అపోహ: ఏసీ బస్సులో ఎక్కడ కూర్చున్నా ఒకటే.

వాస్తవం: ఎయిర్ సస్పెన్షన్, అంటే చక్రాల దగ్గర గాలి నింపిన సంచులు ఉన్న బస్సులో దెబ్బ మెత్తబడుతుంది, నిజమే. కానీ ఆ బస్సుల్లో చాలావాటికి ఇంజను వెనక ఉంటుంది. చివరి సీట్లలో రాత్రంతా ఆ మోత వింటూ పడుకోవాలి. వెనక గోడ అడ్డం వచ్చి చివరి వరుస సీట్లు కొన్ని బస్సుల్లో వాలవు కూడా. స్లీపర్‌లో పై బెర్తు కింది బెర్తు కంటే ఎక్కువగా ఊగుతుంది.

అపోహ: కిటికీ పక్కన కూర్చుంటే వాంతులు రావు.

వాస్తవం: గాలి తగిలితే కొంత హాయి, అంతే. లోపలి చెవికి బస్సు మలుపులు తెలుస్తుంటాయి. కళ్ళేమో ముందున్న సీటునో, ఫోన్‌నో చూస్తుంటాయి. ఆ రెండింటికీ పొంతన కుదరకే కడుపులో తిప్పుతుంది. పాడేరు ఘాట్‌లో వాంతులతో వాడిపోయిన పిల్లల్ని ఎందరినో ముందుకు తీసుకొచ్చి, ఎదురుగా దూరంగా రోడ్డు చూడమనేదాన్ని. చాలామంది కాసేపటికి తేరుకునేవారు. కాబట్టి రెండో, మూడో వరుసలో నడవా పక్కన, ముందు అద్దం కనిపించే సీటు తీసుకోండి. రెండో వరుసలో కుదుపు కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. ఫోన్ మాత్రం లోపల పెట్టేయండి. వాంతి వస్తుందని తల కిటికీ బయట పెట్టొద్దు. ఎదురు లారీ ఎంత దగ్గరగా వెళ్తుందో లోపల కూర్చున్నవాళ్ళకు తెలియదు. కవరు దగ్గర ఉంచుకోండి.

కిటికీ గురించి ఇంకొక మాట, ఎండ. పొద్దున్నే విశాఖ నుంచి విజయవాడ బయలుదేరితే ఎండ ఎడమ కిటికీల మీద పడుతుంది. పొద్దున్నే అటు నుంచి ఇటు వస్తే కుడివైపు. మే నెలలో ఏసీ లేని బస్సుకు సీటు నంబర్ కంటే ముందు ఇది చూసుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కిటికీ వద్దు. కాళ్ళు చాపుకోవడానికి, మధ్యలో లేవడానికి నడవా వైపే వీలు.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్‌ల్లో రద్దీ పెరిగింది, సీటు ఎంచుకునే వీలు తగ్గింది. నిలబడాల్సి వచ్చినా ఇదే లెక్క. వెనక చక్రం కంటే ముందుకు జరిగి నిలబడండి. కిటికీ వైపు తిరిగి, పాదాలు ఎడంగా పెట్టి, రాడ్డు పట్టుకోండి. అలా అయితే బ్రేకు పడినప్పుడు బరువు ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదకు మారుతుంది, మనిషి ముందుకు తూలడు.