అమ్మ ఉన్న అనాథలు: ఒక నవల మీద వాదన, దాని వెనక దేవరకొండ దాకా ఉన్న చరిత్ర

దిక్కులేని పిల్లల్ని న్యూయార్క్ నుంచి పల్లెల్లో పెంపకానికి తరలించడానికి అమెరికాలో ఒకప్పుడు నడిచిన అనాథ రైళ్ల మీద రాసిన ఒక చారిత్రక నవల ఈ మధ్య నల్గొండలో మా పుస్తకాల మిత్రుల మధ్య చేతులు మారింది. చదివినవాళ్లలో కొందరికి కోపం వచ్చింది, కొందరు చాలా ఏడ్చారు. "పిల్లల్ని స్టేజీ ఎక్కించి పళ్లు చూసి, రెక్కలు పట్టి చూసి తీసుకపోతారా, మరీ ఎక్కువ చేసి రాశారు" అని ఒకరన్నారు. "పెంచుకున్నోళ్లు అన్నం పెట్టారు, బడికి పంపారు, అందులో తప్పేముంది" అని ఇంకొకరు. అందరి నోటా ఎక్కువగా వచ్చిన మాట మాత్రం ఇది: "కన్నతల్లి ఎట్లా వదిలిపెడుతుంది?"

ఆ చివరి ప్రశ్న విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఇరవై అయిదేళ్ల కింద మన జిల్లాలోనే ఇదే ప్రశ్నను తండాల్లోని ఆడవాళ్లను అడిగారు. అడగాల్సినవాళ్లు వేరే ఉన్నారు. అందుకే ఈ వెనకటి కథ రాస్తున్నా.

ముందు ఆ రైళ్ల సంగతి. నవలలో ఉన్నది ఎక్కువ చేసి రాసింది కాదు. ఐర్లాండ్‌లో ఆలుగడ్డల పంట పోయి కరువు వచ్చాక లక్షల మంది ఓడలెక్కి అమెరికా చేరారు, న్యూయార్క్ ఇరుకు ఇళ్లలో జబ్బులు, తాగుడు, పని దొరకని రోజులు, వీధుల్లో పేపర్లు అమ్ముకుంటూ చెత్త ఏరుకుంటూ బతికే వేల మంది పిల్లలు. చార్లెస్ లోరింగ్ బ్రేస్ అనే యువ మతబోధకుడు 1853లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ పెట్టాడు. పిల్లల్ని పెద్ద పెద్ద అనాథాశ్రమాల్లో కుక్కడం కంటే పల్లెల్లో రైతు కుటుంబాలకు ఇస్తే బాగుపడతారని ఆయన గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకంలో మంచి ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. 1854లో మొదటి గుంపు మిషిగన్‌లోని ఒక చిన్న ఊరికి వెళ్లింది. 1929లో ఆగిపోయే నాటికి రెండు లక్షల మందికి పైగా పిల్లలు ఇట్లా తరలిపోయారని చరిత్రకారుల అంచనా.

రైలు వస్తుందని ముందే ఊళ్లో కాగితాలు అంటించేవాళ్లు. చర్చిలోనో నాటకాల హాల్లోనో పిల్లల్ని వరసగా నిలబెట్టేవాళ్లు. పొలం పనికి పనికొచ్చే మగపిల్లలు, చంటిపిల్లలు తొందరగా కుదిరిపోయేవాళ్లు. ఎవరూ ఎంచుకోని పిల్లలు మళ్లీ రైలెక్కి తర్వాతి ఊరికి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక్కొక్కరు ఒక్కో ఊళ్లో దిగిపోయారు. చాలాచోట్ల చట్టపరమైన దత్తత లేదు, నచ్చకపోతే పిల్లను తిప్పి పంపొచ్చు. సొసైటీ మనిషి అప్పుడప్పుడు వచ్చి చూసిపోయేవాడు.

పెంచుకున్నవాళ్లు మంచివాళ్లే అన్న మిత్రుడి మాటలోనూ నిజముంది. 1859లో ఒకే గుంపులో వెళ్లిన ఇద్దరు పిల్లలు, ఆండ్రూ బర్క్, జాన్ బ్రాడీ, పెద్దయ్యాక ఒకరు నార్త్ డకోటాకు, ఒకరు అలాస్కాకు గవర్నర్లయ్యారు. అయితే అదే రైళ్లలో వెళ్లి పశువుల కొట్టంలో పడుకుని, దెబ్బలు తిని, పారిపోయిన పిల్లలూ ఉన్నారు. ఏ ఇంట్లో పడతామన్నది పిల్ల చేతుల్లో లేదు.

అసలు విషయం ఇంకోటి ఉంది, మా వాదనలో ఎవరూ పట్టించుకోనిది. ఆ పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు, కొందరికి ఇద్దరూ ఉన్నారు. భర్త చచ్చిపోయి, పనికి పోతే పిల్లల్ని చూసేవాళ్లు లేక, కొన్నాళ్లు ఉంచుకోమని ఆశ్రమంలో వదిలిన తల్లులున్నారు. ఆమె తిరిగొచ్చేసరికి పిల్ల రైలెక్కి పోయింది. ఈ తప్పు అమెరికాకు మెల్లగా తెలిసింది. 1909లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో పెట్టిన సమావేశం, కేవలం పేదరికం కారణంగా పిల్లల్ని ఇంటి నుంచి విడదీయొద్దని తేల్చింది. 1911లో ఇల్లినాయ్ రాష్ట్రం తల్లులకు నెలనెలా డబ్బులిచ్చే చట్టం చేసింది, మిగతా రాష్ట్రాలు వెంట నడిచాయి. రైళ్లు ఆగడానికి ఇదీ ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇక్కడ తల్లిదండ్రులు పోయిన పిల్లలు ఎక్కువగా అమ్మమ్మ దగ్గరో మేనమామ ఇంట్లోనో పెరిగారు, కాగితం ఉండేది కాదు. దిక్కులేని పిల్లలు దొర గడీలో గొడ్లు కాశారు, తండ్రి అప్పు కింద జీతానికి కుదిరారు. దొరసాని అత్తారింటికి పోతుంటే వెంట ఆడబాపగా, అంటే దాసిగా, పంపిన పిల్ల మళ్లీ తల్లి ముఖం చూసిందో లేదో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ పిల్లల మీద కూడా ఒక మంచి నవల రావాలని నా కోరిక.

సర్కారు వైపు నుంచి చూస్తే, ఎవరి పేరు మీద పాలమూరు మహబూబ్‌నగర్ అయిందో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలోనే, 1900ల మొదట్లో, సరూర్‌నగర్ దగ్గర విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం వచ్చింది. మనం నల్గొండ నుంచి హైదరాబాద్ పోతుంటే ఎల్బీనగర్ దాటాక వచ్చే మెట్రో స్టేషన్ పేరు దానిదే. దత్తత చట్టం సంగతి వేరు. పాత హిందూ ధర్మశాస్త్రంలో కొడుకునే దత్తత తీసుకునేవాళ్లు, ఆడపిల్లను చట్టప్రకారం దత్తత చేసుకునే వీలు 1956 చట్టంతోనే వచ్చింది.

ఆ తర్వాత పెద్ద దెబ్బ దేవరకొండ వైపు తండాల మీద పడింది. విదేశీ దత్తతలు పెరిగాయి. 1984లో సుప్రీంకోర్టు లక్ష్మీకాంత్ పాండే కేసులో నియమాలు పెట్టింది, 1990లో కేంద్రం దత్తతల వ్యవహారాలు చూసే కారా అనే సంస్థను ఏర్పాటు చేసింది. నియమాలున్నా డబ్బు దారి వెతుక్కుంది. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లోని కొన్ని దత్తత కేంద్రాల మీద పోలీసులు దాడులు చేసినప్పుడు, అక్కడున్న పసిపిల్లల్లో చాలామంది నల్గొండ, ఆ చుట్టుపక్కల లంబాడా తండాల ఆడపిల్లలని బయటపడింది. మధ్యవర్తులు తల్లుల చేతిలో పెట్టింది వందలో కొన్ని వేలో, విదేశీ కుటుంబాలు కట్టింది డాలర్లలో. పిల్లను వదులుకుంటున్నామని రాసిన కాగితం మీద వేలిముద్రలు. ఆ కాగితంలో ఏముందో తల్లికి చదివి చెప్పినవాళ్లెవరు?

అప్పట్లో పత్రికలు మూడో ఆడపిల్ల అరిష్టమనే నమ్మకం గురించి తెగ రాశాయి. నమ్మకాలు లేవని నేను అనను. కానీ ఆ తండాల్లో సాగునీళ్లు లేవు, తాగే నీళ్లలో ఫ్లోరైడ్, కట్నం ఆచారం కొత్తగా వచ్చి కూర్చుంది, వానలు పడని ఏడు పని కోసం వలస. దాన్నంతా పక్కన పెట్టి ఒక జాతి ఆచారం మీద నెపం వేయడం చాలా అన్యాయం. కొనేవాళ్లు లేకుండా అమ్మకం ఉండదు కదా.

2001లోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదరికం, ఆడపిల్ల అనే కారణాలతో పిల్లల్ని వదులుకోవడాన్ని నిషేధించింది. అవసరమైన ఉత్తర్వే. అయితే వద్దని చెప్పడంతో పాటు ఆ తల్లికి పాలడబ్బాకు డబ్బులు ఎవరిస్తారన్నది చెప్పాలి, అమెరికా 1911లో నేర్చుకున్న పాఠం అదే. మహబూబ్‌నగర్ జిల్లాలో, పని కోసం బయటికి వలసపోయే పాలమూరు కూలీల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టారు, ముసలివాళ్ల దగ్గర వదిలేసిన పిల్లలు బడి మానకుండా ఉండటానికి అవి పనికొచ్చాయి. అదొక మంచి పని.

ఇప్పుడున్నది 2015 బాలల న్యాయ చట్టం. తల్లి బిడ్డను అప్పగించినా మనసు మార్చుకోవడానికి 2 నెలల గడువుంది. ఆశ్రమం చివరి మార్గం అని చట్టమే చెబుతోంది, ముందు సొంత కుటుంబం, అది కుదరకపోతే చుట్టాలు, దత్తత, పెంపక కుటుంబం. దత్తత వెళ్లిన పిల్లలు 18 ఏళ్లు నిండాక తమ మూలాలు వెతుక్కునే హక్కు కూడా ఉంది. కేంద్రం బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద, తండ్రి పోయిన పిల్లల్ని తల్లే పెంచుకునేలా పిల్లకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇవ్వొచ్చు. నవల చదివి ఏడ్చిన మిత్రుల్లో ఈ స్పాన్సర్‌షిప్ పేరు విన్నవాళ్లు చాలా తక్కువ, దేవరకొండ వైపు చందంపేట తండాల్లో ఎంతమందికి తెలిసుంటుందో మీరే ఊహించుకోండి. దానికి ఆదాయ పరిమితి ఉంది, కాగితాలు కావాలి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా దరఖాస్తు వెళ్లాలి. అంగన్‌వాడీ టీచరో, చదువుకున్న పక్కింటి పిల్లాడో చేతిలో పేపర్ పెట్టి నింపించకపోతే, ఒంటరి తల్లి ఒక రోజు కూలి వదులుకుని నల్గొండ కలెక్టరేట్ దాకా రావాలి, ఒక్కసారితో పని అయితే.