మచ్చుకత్తి మీ చేతికి వచ్చేముందు

పిల్లలూ,

మొన్న మీరిద్దరూ మన పాత మచ్చుకత్తిని చూసి, "తాతయ్యా, దీన్ని అద్దాల బీరువాలో పెట్టేద్దామా?" అన్నారు. వద్దమ్మా. వచ్చే సెలవుల్లో దాన్ని మీ చేతికే ఇస్తాను. ఈలోగా దాని సంగతులు కొన్ని తెలుసుకోండి.

పిడి దగ్గర అది నాలుగు వేళ్ల వెడల్పు, నడుమ మూడు వేళ్లే. కొత్తలో అంతటా ఒకటే వెడల్పు ఉండేదట. మా తాత, మా నాన్న, ఆ తర్వాత నేను సానబెట్టీ సానబెట్టీ ఆ వేలెడు ఉక్కునీ అరగదీశాం. కొమ్మల మీద పడేది నడిమి భాగమే కాబట్టి అక్కడే ఎక్కువ అరిగింది. దాన్ని చూస్తే నాకు ముగ్గురి చేతులూ కనబడతాయి.

నాకు పదేళ్లప్పుడు మా చెల్లీ నేనూ వాగు అవతలి ముళ్లపొదల్లో దారి చేసుకుంటూ వెళ్లేవాళ్లం. పచ్చికొమ్మని అడ్డంగా కొడితే కత్తి ఎగిరి వెనక్కొచ్చేది. ఏటవాలుగా వేస్తే ఒక్క వేటుకే తెగేది. చెక్కలో నారలు పొడుగునా ఉంటాయి. ఏటవాలు దెబ్బ వాటిని కోస్తూనే విడదీస్తుంది. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు, మోచేయి నొప్పెట్టి తెలిసింది. ఎండి గట్టిపడ్డ కొయ్య జోలికి మాత్రం పోకండి, వాదర పెచ్చు లేస్తుంది.

ఒకసారి కొమ్మలతో గుడిసె కట్టాం. ఆ సంబరంలో కత్తిని ఆకుల మీదే వదిలేసి ఇంటికొచ్చాం. మూడు రోజులు వాన. వెళ్లి చూస్తే ఎర్రగా తుప్పు! చెల్లి ఏడుపు. నాన్న ఒక్క మాటా అనలేదు. సన్నటి ఇసుక, నూనె, గుడ్డపీలిక మా ముందు పెట్టి తనూ కూర్చున్నాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. మొనకి జానెడు దూరంలో వేలితో తడిమితే తగిలే మూడు గుంటలు ఆ వానవే.

స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, తుప్పు పట్టకుండా అదే కాస్తుంది. మన కత్తిది మామూలు కార్బన్ ఉక్కు. దానికి కాపలా మనమే. పని కాగానే చెట్ల పసరు తుడిచి, ఆరనిచ్చి, పల్చగా నూనె రాయాలి. పైన పరుచుకున్న ఆ నల్లదనాన్ని మురికనుకుని తోమెయ్యకండి, అది ఏళ్ల తరబడి పట్టిన పొర. పదును చేత్తోనే పెట్టండి. కరెంటు సాన మీద ఉక్కు వేడెక్కి నీలిరంగు తేలిందంటే అక్కడ గట్టిదనం సడలిపోతుంది.

ఇంకొకటి, దీని విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. వేటు వేసేముందు కత్తి ఒరలో ఉండగానే చెయ్యి బారచాపి చుట్టూ తిరగండి. ఆ గిరిలో ఎవరూ ఉండకూడదు. కాళ్లు ఎడంగా పెట్టండి, దెబ్బ తప్పినా కాలివైపు రాకూడదు. ఒకరి చేతిలోంచి ఒకరు అందుకోవద్దు; ఒకరు కింద పెట్టాక రెండోవాళ్లు తీసుకోవాలి. మా చెల్లీ నేనూ అలాగే చేశాం, ఇద్దరికీ పది వేళ్లూ ఉన్నాయి.

పిడి రెండుసార్లు మారింది. ఇప్పుడున్నది పన్నెండేళ్ల వయసులో మా చెల్లి తన గుప్పిటకి సరిపడేలా చెక్కింది. నా చేతికి ఎప్పుడూ ఇరుకే, అయినా మార్చాలనిపించలేదు. మీకు సరిగ్గా సరిపోతుంది.

వచ్చేటప్పుడు మందపాటి బూట్లు తెచ్చుకోండి. వాగు అవతల దారి మళ్లీ మూసుకుపోయింది.

మీ తాతయ్య