నాయినమ్మ ఖాతాల పడ్డ గ్యాస్ పైసలు

బిడ్డలారా,

మొన్న చిన్నోడు అడిగిండు, "తాతా, గ్యాస్ బండకు 900 మీదనే ఇచ్చినం, మల్ల నాయినమ్మ ఖాతాల పైసలు పడ్డయని మెసేజ్ వచ్చింది, ఎవలేసిన్రు?" అని. మంచిగడిగినవ్ రా. 2024 ఫిబ్రవరి నుంచి మన తెలంగాణ రాష్ట్రంల మహాలక్ష్మి పథకం కింద అర్హత ఉన్న ఇంటికి బండ 500కే, మిగిలింది సర్కారే మన ఖాతాల ఏస్తది.

సర్కార్‌కు యాడికెల్లి వచ్చినయంటే, పాకాల చెరువు యాది తెచ్చుకోన్రి. వాగులొచ్చి చెరువు నిండుతది, తూము ఎత్తితే పొలం పారుతది. మీ నాయిన పెట్రోల్ పోయించినప్పుడల్ల ఢిల్లీకి ఎక్సైజ్ సుంకం, మన రాష్ట్రానికి వ్యాట్ అనే పన్ను పోతయి, అవి వాగులు. సబ్సిడీ తూము. ఎక్కువ ఎత్తితే బడికి, దవాఖానకు నీళ్లు తక్కువ పడతయి. పెట్రోల్ ధర 2010 దాకా, డీజిల్ ధర 2014 దాకా సర్కారే తక్కువల పట్టుకొని ఉండె, ఉన్నోనికీ లేనోనికీ ఒక్కటే ధర, మరి తూము పక్కన పదెకరాల ఆసామి ఎంత తడుపుకుంటడు, కాల్వ చివర అరెకరమోనికి ఎంత అందుతది? కారున్నోనికి ట్యాంకు నిండ సబ్సిడీ, కూలికి పోయెటోనికి బస్సు కిరాయిల ఇంత. చెరువు సాలని ఏండ్లల్ల పెట్రోల్ అమ్మే నూనె కంపెనీలకు నగదుకు బదులు బాండ్లు, తర్వాత కడతమన్న అప్పు కాయితాలు, రాసిచ్చిన్రు, అంటే రాని వాన నీళ్లు ముందే పారించినట్టు. మీరు పుట్టకముందు రాసిన ఆ అప్పు మీరు బడికి పోవట్టినంక గూడ తీర్చుకుంట వచ్చిన్రు.

మా చిన్నప్పుడు కంట్రోల్ దుకాణం ముంగట గ్యాసునూనె (కిరోసిన్) కోసం డబ్బాలు లైన్ల పెట్టి మేం గోటీలాడెటోళ్లం, మా వంతు వచ్చేసరికి ఐపోయిందనెటోళ్లు. ఆ చౌక నూనె డీజిల్ల కలిపి అమ్ముకునెటోళ్లు ఉండె, అందుకే తర్వాత దానికి నీలం రంగు ఏసిన్రు. ఇంట్ల మా అమ్మ గొట్టం ఊదుకుంట పొగల దగ్గేది. నాయినమ్మకు ఇప్పుడు ఆ దగ్గు లేదు గదా, అది సర్కార్ లెక్కల పుస్తకంల కనపడదు గని పెద్ద లాభం, మరువకున్రి.

2015 నుంచి దేశమంతట గ్యాస్ సబ్సిడీ సీద బ్యాంకు ఖాతాకే పోతున్నది, అంటే కాల్వ ఇడిసి చివరి మడికి పైపేసినట్టు. గని ముందుగాల మొత్తం పైసలు కట్టాలె, తర్వాత వాపస్ వస్తది. అక్కడనే నాకు బాధయితది.

దసరాకు ఊరికొస్తరు గదా, ఇండ్ల ముంగట కట్టెల మోపులు చూడున్రి, లోపల గ్యాస్ పొయ్యి గూడ ఉంటది. ఆ ఇంటి అవ్వను మర్యాదగ అడుగున్రి, బండ వచ్చిననాడు చేతుల 900 ఉంటయా, సబ్సిడీ ఎన్నొద్దులకు పడుతది, ఏడాదికెన్ని బండలు తెస్తరు అని. చెప్పింది చెప్పినట్టు రాసుకొని నాకు చూపెట్టున్రి.

మీ తాత