పక్కపట్టీలో ఆ చిన్న చదరం ఎవరిది? ఉచిత ప్రచారంపై అపోహలు - వాస్తవాలు

బ్లాగర్లు ఒకరి ప్రకటన ఒకరు చూపుకునే ఉచిత ప్రచార నెట్‌వర్కుల గురించి ఏడాదికి రెండు మూడు సార్లైనా నాకు ఇలాంటి ఫోను ఒకటి వస్తుంది. "ఇన్నాళ్ళూ ఉచితంగా బాగానే నడిచిందండీ. నిన్నటి నుంచి మా బ్లాగులో ఎవరివో ప్రకటనలు వస్తున్నాయి. మమ్మల్ని అడగనైనా అడగలేదు." చిన్న వెబ్‌సైట్లలో ప్రకటనల కోడ్ పెట్టడం, అవసరమైతే తీయడం నా వృత్తి. సొంత బ్లాగు కూడా చాలా ఏళ్ళుగా ఉంది కాబట్టి ఆ కోపం నాకు కొత్త కాదు. కానీ ఆ కోపంలో వచ్చే మాటల్లో సగం తప్పు లెక్కలే. ఫోనులో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి అలసిపోయాను. అందుకే ఈ టపా.

అపోహ: ఉచితంగా వాడుకున్నాం కదా, నోరెత్తే హక్కు మనకు లేదు.

ఈ మాట నెట్‌వర్కుల వాళ్ళు అనరు, తోటి బ్లాగర్లే అంటారు. మన ఊళ్ళలో రోడ్డు పక్క ఇంటి గోడకు సిమెంటు కంపెనీ వాళ్ళు రంగు వేసి తమ పేరు రాసుకుంటారు. ఇంటాయనకు రంగు ఖర్చు తప్పింది, కంపెనీకి గోడ దొరికింది. అందులో ఎవరి దానమూ లేదు. ఉచిత ప్రచార నెట్‌వర్కు కూడా అంతే. మీ బ్లాగులో వాళ్ళిచ్చిన చదరం పెట్టుకుంటారు, అందులో ఇతరుల ప్రకటనలు కనిపిస్తాయి. బదులుగా మీ ప్రకటన ఇతరుల బ్లాగుల్లో కనిపిస్తుంది. రూపాయి చేతులు మారలేదు గానీ మీరు గోడ ఇచ్చారు.

ఆ గోడ విలువ తెలియాలంటే ఈ రంగంలో తొలితరం పేరు ఒకటి చెప్పాలి. 1996లో అమెరికాలో టోనీ షే, సంజయ్ మదన్ అనే ఇద్దరు యువకులు లింక్‌ఎక్స్‌ఛేంజ్ అనే ఉచిత ప్రచార నెట్‌వర్కు మొదలుపెట్టారు. మీ పేజీలో రెండు సార్లు ఇతరుల బ్యానర్లు చూపితే మీ బ్యానర్ ఒకసారి మరెక్కడో కనిపిస్తుంది. మరి మిగిలిన ఒకటి? అది నెట్‌వర్కుది. దాన్ని డబ్బిచ్చే ప్రకటనకర్తలకు అమ్ముకున్నారు. రెండేళ్ళలో, 1998లో, మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 26.5 కోట్ల డాలర్లకు కొన్నది. సభ్యులు ఏమీ ఇవ్వకపోతే అంత విలువైన సరుకు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. లింక్‌ఎక్స్‌ఛేంజ్ సగానికి సగం తీసుకుంది, అయినా మొదటి రోజే ఆ లెక్క చెప్పి తీసుకుంది. ఇష్టమైనవాడు చేరాడు, లేనివాడు ఊరుకున్నాడు. తర్వాత వచ్చిన నెట్‌వర్కులు చాలావరకు మొదట "అంతా మీదే" అన్నాయి, అందరూ చేరాక వాటా తీయడం మొదలుపెట్టాయి. నిబంధనలు మారినప్పుడల్లా రేగే గొడవకు మూలం ఈ తేడానే. నా మట్టుకు నాకు వాటా తీసుకోవడం తప్పుగా తోచదు. దాచి తీసుకోవడమే తప్పు.

అపోహ: కూడబెట్టిన క్రెడిట్లు (నెట్‌వర్కులో డబ్బులా వాడుకునే పాయింట్లు) మన ఆస్తి, నిబంధనలు మార్చి వాళ్ళు దాన్ని దోచుకున్నారు.

2007 చివర్లో వచ్చిన ఎంట్రీకార్డ్ అనే మార్పిడి నెట్‌వర్కు గుర్తున్నవారు ఇప్పటికీ ఈ మాట అంటారు. 125 పిక్సెళ్ళ చదరం ఒకటి బ్లాగు పక్కపట్టీలో ఉండేది. మీరు వేరే బ్లాగుకు వెళ్ళి అక్కడి చదరం మీద నొక్కితే మీ కార్డు వదిలినట్టు లెక్క. మీకో క్రెడిట్, ఆ బ్లాగరుకో క్రెడిట్. రోజుకు 300 కార్డుల దాకా వదలవచ్చు. ఆ క్రెడిట్లతో నచ్చిన బ్లాగులో మీ ప్రకటన ఒక రోజు పెట్టించుకోవచ్చు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి. ఓపికున్న మనిషి ఒకడు రోజుకు 300 కార్డులు వదిలితే తనకు 300, ఇతరులకు 300, మొత్తం 600 క్రెడిట్లు గాల్లోంచి పుట్టాయి. అమ్మకానికి ఉన్న స్థలం మాత్రం బ్లాగుకు రోజుకు ఒక్క చదరమే. సంతలో సరుకు అంతే, నోట్లు మాత్రం రాత్రికి రాత్రి ముద్రవుతున్నాయి. ధరలు పెరగక ఏమవుతాయి? నిరుడు పది క్రెడిట్లకు దొరికిన చోటు ఇప్పుడు వందకూ దొరకదు. కొత్తగా చేరినవాడికి ఆశ పోతుంది, పాతవాడు తన మూటను చూసుకుని మురుస్తూ ఉంటాడు. ఆ మూట కరుగుతోందని అతనికి తెలియదు. నిబంధనలు మారకముందే, ఎవరూ దోచుకోకుండానే, ఆ క్రెడిట్ల విలువ పడిపోయింది.

అలాంటి స్థితిలో నెట్‌వర్కు నడిపేవాడి ముందు దారులు తక్కువ. ప్రతి లావాదేవీలో కొంత కోత వేసి క్రెడిట్లను తగ్గించాలి, లేదా డబ్బుకు ప్రకటనలు అమ్మాలి. సర్వర్ల అద్దె క్రెడిట్లలో కట్టనివ్వరు కదా. 2009లో డబ్బు చెల్లించే వారి ప్రకటనలు సభ్యుల చదరాల్లోకి రావడంతో అక్కడ రగడ మొదలైంది. ఇలాంటి నెట్‌వర్కుల్లో ఇప్పటికైనా నా సలహా ఒక్కటే. క్రెడిట్ ఉన్న రోజే ఖర్చు పెట్టండి. అది పొదుపు చేసుకునే వస్తువు కాదు, వేసవిలో కొన్న మంచుగడ్డ.

అపోహ: నెట్‌వర్కు వదిలేస్తే పాఠకులు పోతారు.

పోయేది పాఠకులు కారు, సందర్శనల అంకెలు. క్రెడిట్ కోసం వచ్చినవాడు ఇరవై పేజీలు ఒకేసారి తెరిచి, వరుసగా నొక్కుకుంటూ వెళ్ళిపోతాడు. మీ టపా శీర్షిక కూడా చదవడు. నేనూ అలా నొక్కినవాడినే, ఒట్టు వేసి చెప్పగలను. తెలుగు బ్లాగులకు అసలు పాఠకులు ఎక్కడి నుంచి వచ్చారో పాతవారికి తెలుసు. కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినుల (అన్ని బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపే సైట్ల) నుంచి, ఒకరి బ్లాగులో మరొకరు రాసిన వ్యాఖ్యల నుంచి. అక్కడ క్రెడిట్ లేదు, చదరం లేదు. కొత్త టపా కనిపించేది, చదవాలనిపిస్తే వచ్చేవారు.

అపోహ: ఇదంతా వాళ్ళ దురాశ.

కొన్నిసార్లు దురాశే. కానీ చాలాసార్లు ఒత్తిడి మరో వైపు నుంచి వస్తుంది. 2017 మార్చిలో తీవ్రవాద వీడియోల పక్కన తమ ప్రకటనలు కనిపించాయని పెద్ద పెద్ద కంపెనీలు యూట్యూబ్ నుంచి ప్రకటనలు వెనక్కు తీసుకున్నాయి. ఆ తర్వాత ఏప్రిల్‌లో 10,000 వీక్షణలు దాటిన ఛానెళ్ళకే ప్రకటనల ఆదాయం అన్నారు. 2018 జనవరిలో దాన్ని 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ సమయం అని బిగించారు. చిన్న ఛానెళ్ళవారు లబోదిబోమన్నారు. ఈ మార్పు తాకినవారిలో 99 శాతం మంది అంతకుముందు ఏడాది మొత్తంలో 100 డాలర్ల కంటే తక్కువే సంపాదించారని యూట్యూబ్ చెప్పింది. అంటే పోయిన డబ్బు స్వల్పం. పోయింది డబ్బు కాదు, "యూట్యూబ్ ఆదాయంలో నేనూ భాగస్వామినే" అన్న మాట. దాని బాధ డాలర్లలో కొలిచేది కాదని నాకూ తెలుసు.

అదే యూట్యూబ్ 2020 నవంబరులో మరో మార్పు తెచ్చింది. భాగస్వాములు కాని ఛానెళ్ళ వీడియోల మీద కూడా ప్రకటనలు వేస్తాం, ఆదాయంలో వాటా మాత్రం ఇవ్వం అంది. ముందు అమెరికాలో, మరుసటి ఏడాది మిగతా దేశాల్లో. దీనికి సుతిమెత్తని పేరు వెతకాల్సిన పని లేదు. 2018లో ప్రకటనకర్తల భయం అని సర్దుకోవచ్చు. ఈసారి అలా సర్దుకోవడానికి నాకు కారణమేమీ కనిపించలేదు. గోడ నీదే, రంగు నీదే, రాత నాది, అద్దె కూడా నాదే.

అపోహ: అందరం ఒకేసారి కోడ్ తీసేస్తే దిగివస్తారు. దీనికి ఎదురు అపోహ: ఎంత అరిచినా దిగిరారు.

రెండూ వింటుంటాను. రచయితలకు, చిత్రకారులకు అభిమానులు నేరుగా డబ్బు ఇచ్చే పేట్రియాన్ అనే వేదిక 2017 డిసెంబరు మొదటి వారంలో కొత్త రుసుము ప్రకటించింది. అభిమానులు ఇచ్చే ప్రతి మొత్తం మీద అదనంగా 2.9 శాతం, 35 సెంట్లు వారి నుంచే వసూలు చేస్తామని. ఒక డాలరు ఇచ్చే మనిషికి అది 1.38 డాలర్లవుతుంది. చిన్న మొత్తాలు ఇచ్చేవారు మానుకోవడం మొదలుపెట్టారు, రచయితలు, చిత్రకారులు మండిపడ్డారు. వారం తిరగకుండా డిసెంబరు 13న ఆ నిర్ణయాన్ని సంస్థ వెనక్కు తీసుకుంది. నెల తర్వాత యూట్యూబ్ మీద చెలరేగిన కోపం అంతకంటే తక్కువదేమీ కాదు. అక్కడ మాత్రం అంగుళం కదల్లేదు.

తేడా ఎక్కడుంది? పేట్రియాన్‌లో అరిచినవారే ఆదాయం తెచ్చేవారు. యూట్యూబ్‌లో అరిచిన లక్షల మంది కలిసి తెచ్చే ఆదాయం ఆ సంస్థకు లెక్కలోకి రానిది. కాబట్టి ఒక నెట్‌వర్కు మీద ఆందోళనకు దిగేముందు అడగాల్సిన ప్రశ్న ఇది: వాళ్ళు అమ్ముకునే సరుకు మన దగ్గర ఎంత ఉంది? మార్పిడి నెట్‌వర్కులో సరుకంతా సభ్యుల చదరాలే కాబట్టి వంద మంచి బ్లాగులు ఒకే వారంలో కోడ్ తీసేస్తే అమ్మకపు మనిషి చేతులు ఖాళీ అవుతాయి. ఘాటు ఉత్తరాలు వెయ్యి రాసినా అది జరగదు. చాలామంది ఉత్తరం రాస్తారు, కోడ్ మాత్రం ఉంచేస్తారు. అవతలివాళ్ళు చూసేది కోడ్ ఉందా లేదా అన్నదే.

అపోహ: నెట్‌వర్కు వేసిన ప్రకటనకు మనకేం బాధ్యత?

శతక పద్యాలకు పిల్లల కోసం అర్థాలు రాసే పెద్దాయన బ్లాగు ఒకటి నేను చూసుకునేవాణ్ణి. ఆయన చేరిన మార్పిడి నెట్‌వర్కులో మొదట ప్రతి ప్రకటననూ బ్లాగరు చూసి ఒప్పుకుంటేనే కనిపించేది. ఒక ఉదయం నియమం మారింది. డబ్బు చెల్లించిన ప్రకటనలకు బ్లాగరు ఆమోదం అవసరం లేదన్నారు. మూడో రోజుకల్లా వేమన పద్యం పక్కన రమ్మీ ఆట ప్రకటన మెరుస్తూ కూర్చుంది. "మాస్టారూ, మీరు కూడానా?" అని ఒక పాఠకురాలు ఆయనకు ఉత్తరం రాశారు. ఆయన నాకు ఫోను చేసి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజే కోడ్ తీసేశాను.

డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలతో పాటు వాటి ప్రకటనలనూ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, పాఠకుడి కంటికి మీ పేజీలో కనిపించేదంతా మీరు పెట్టిందే. పక్కన సన్నటి అక్షరాల్లో ఎవరి పేరుందో ఎవరూ చదవరు. అందుకే నిబంధనలు మారిన రోజు నేను ముందు వెతికేది వాటా శాతం కాదు. వద్దనే హక్కు ఇంకా ఉందా లేదా అని. ఆదాయం తగ్గినా నడుస్తుంది. కాదనే హక్కు పోతే ఆ చదరం ఇక మీది కాదు.

అపోహ: ముందు చెప్పకుండా నిబంధనలు మార్చడం చట్టరీత్యా చెల్లదు.

చేరినప్పుడు మనం చదవకుండా ఒప్పుకున్న పత్రంలో "ఎప్పుడైనా మార్చవచ్చు" అన్న వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఐరోపా సమాఖ్యలో మాత్రం 2020 జులై నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం, వ్యాపారులను వినియోగదారులతో కలిపే వేదికలు నిబంధనలు మార్చాలంటే కనీసం 15 రోజుల ముందు చెప్పాలి. దాన్ని పట్టుకుని మనవాళ్ళు ఇక్కడ వాదిస్తుంటారు. అది అక్కడి వ్యాపారుల కోసం చేసింది, హైదరాబాదులోని కవితల బ్లాగు కోసం కాదు. చేరిన రోజే నిబంధనల పేజీని తేదీతో సహా దాచుకోండి. కనీసం ఏది మారిందో చూపించగలుగుతారు.

అపోహ: తెలుగు బ్లాగుకు వేరే గతి లేదు, ఇలాంటి ఉచిత నెట్‌వర్కులే దిక్కు.

ఒకప్పుడు నిజం. వెబ్‌సైట్లలో ప్రకటనలు చూపి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ హిందీని 2014లో, తెలుగును 2018లో చేర్చుకుంది. అంతకుముందు అనుమతి కోసం నాలుగు ఇంగ్లీషు టపాలు అతికించి, అనుమతి వచ్చాక తీసేసిన ఘనులు నాకు తెలుసు. ఇప్పుడు ఆ అవసరం లేదు. కనీసం అక్కడ ఏ తరహా ప్రకటనలు వద్దో ఎంచుకునే వీలుంది. డబ్బు ఎంత వస్తుందని అడగకండి. టీ ఖర్చు వెళ్తే సంతోషించండి.

అపోహ: కోపం వచ్చి వాడటం మానేశాం, కోడ్ అక్కడే పడి ఉంటే నష్టమేముంది?

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. ఉచిత నెట్‌వర్కుల ఆయుష్షు తక్కువ. 2007లో హడావుడిగా వచ్చిన బ్లాగ్‌రష్ మరుసటి ఏడాదే మూతపడింది. నెట్‌వర్కు పోయినా మీ టెంప్లేటులో (బ్లాగు పేజీల మూసలో) దాని కోడ్ ఉంటుంది. పేజీ తెరిచిన ప్రతిసారీ అది పాత చిరునామాకు వెళ్ళి అక్కడ ఏముంటే అది తెచ్చి మీ పాఠకుడి ఫోనులో నడుపుతుంది. ఆ చిరునామా గడువు తీరి వేరేవాళ్ళు కొనుక్కుంటే, మీ ఇంటి తాళం వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఇది ఊహ కాదు. పాలీఫిల్ అనే ఉచిత కోడ్ సేవ చిరునామా 2024 ఫిబ్రవరిలో చేతులు మారింది. జూన్ నాటికి దాన్ని వాడుతున్న లక్షకు పైగా సైట్లలోకి హానికరమైన కోడ్ చేరింది. ఆ సైట్ల యజమానులు కొత్తగా చేసిన తప్పేమీ లేదు, పాత కోడ్ వరుస ఒకటి తీయలేదంతే.

ఈ టపా మొదలుపెట్టేముందు నా సొంత బ్లాగు టెంప్లేటు తెరిచి చూశాను. ఊరందరికీ చెప్పేవాణ్ణి కదా, నాది శుభ్రంగా ఉంటుందనుకున్నాను. పక్కపట్టీ కింద, ఎప్పుడో మూతపడిన ఒక విడ్జెట్ కోడ్ ఇంకా ఉంది. తీసేశాను. పేజీలో ఆ చోటు ఇప్పుడు తెల్లగా ఉంది.